సీసా మీది లేబుల్ నుంచి ఖజానా దాకా: మద్యం సరఫరా సాఫ్ట్‌వేర్‌ను మార్చడం ఎందుకంత కష్టం

2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి, అక్టోబరు 2న. తెలంగాణలో దసరా అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. గాంధీ జయంతి నాడు వైన్స్ షట్టర్ లేవదన్న సంగతీ అందరికీ తెలుసు. దాంతో పండగ గిరాకీ అంతా ముందు రెండు మూడు రోజుల మీద పడింది. వైన్స్ ముందు క్యూ దారిన పోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. షాపులకు సరుకు పంపే ప్రభుత్వ డిపో గేటు దగ్గరి క్యూ మాత్రం కనిపించదు. అక్కడ బయట లారీలు ఉంటాయి, లోపల ఇండెంట్లు (షాపులు పెట్టే సరుకు ఆర్డర్లు), బిల్లులు, కేసులు మోసే హమాలీలు ఉంటారు. అలాంటి రోజున డిపోలో సర్వర్ గంటసేపు మొరాయిస్తే సరుకు కళ్ల ముందే ఉన్నా గేటు దాటదు. బిల్లు లేని సీసా చట్టం దృష్టిలో దొంగ సరుకు.

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగి ఎవరినైనా అడగండి, పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టడం ఎంత పని అని. ఆరు నెలలంటాడు. ఈ వ్యవస్థ విషయంలో ఆ అంచనా ఎక్కడ తప్పుతుందో చూడాలంటే ముందు సీసా నడిచే దారి తెలియాలి.

తెలంగాణలో మద్యం హోల్‌సేల్ వ్యాపారం మొత్తం ప్రభుత్వ సంస్థ అయిన బెవరేజెస్ కార్పొరేషన్‌దే. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో ఏర్పాటైన కార్పొరేషన్‌కు ఇది వారసురాలు. సంగారెడ్డి వైపున్న బ్రూవరీ అయినా, పక్క రాష్ట్రంలోని డిస్టిలరీ అయినా తన సరుకును నేరుగా షాపుకు అమ్మకూడదు. కార్పొరేషన్ డిపోకు పంపాలి. డిపో నుంచి 2,620 వైన్స్‌లకు, వెయ్యికి పైగా బార్లకు సరఫరా జరుగుతుంది. షాపు యజమాని డబ్బు కట్టి ఇండెంట్ పెడతాడు, డిపో బిల్లు కొట్టి సరుకు ఇస్తుంది. ఎక్సైజ్ సుంకం, వ్యాట్, ఇతర సెస్సులు ఈ దారిలోనే వసూలవుతాయి. ఎక్సైజ్, వ్యాట్ కలిపితే రాష్ట్ర ఖజానాకు ఏటా 30 వేల కోట్ల రూపాయలకు పైగా వచ్చేది ఈ ఒక్క గొట్టం గుండానే. గొట్టం మారుస్తూ నీళ్లు ఆపకుండా ఉండటమే అసలు పరీక్ష.

బజారులో దొరికే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ఎందుకు పనికిరాదు? బట్టల వ్యాపారికీ మందుల పంపిణీదారుకూ సరిపోయే ప్యాకేజీలన్నీ ఇప్పుడు జీఎస్టీ చుట్టూ అల్లుకున్నవి. తాగే మద్యాన్ని రాజ్యాంగమే జీఎస్టీ బయట ఉంచింది. దానికి ఈ-వే బిల్లు కూడా వర్తించదు. దేశంలో మిగతా సరుకులో చాలా భాగానికి రోడ్డు మీద ఒకే పత్రం నడుస్తుంటే, మద్యం లారీకి మాత్రం ఏ రాష్ట్రం పర్మిట్ ఆ రాష్ట్రానిదే. కాబట్టి అనుమతి, పన్ను, రవాణా పత్రం, సీసా లేబుల్ అన్నీ కలిసిన వ్యవస్థను ప్రతి రాష్ట్రమూ సొంతంగా కట్టుకోక తప్పలేదు. ఢిల్లీ ఒకటి కట్టుకుంది, ఉత్తరప్రదేశ్ ఇంకొకటి కట్టుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చివరి రోజుల్లో ఇక్కడా హెచ్‌పీఎఫ్‌ఎస్ అని ఒకటి వచ్చింది. పూర్తి పేరు హెడోనిక్ పాత్ ఫైండర్ సిస్టమ్. హెడోనిక్ అంటే సుఖానికి సంబంధించినది. ఎక్సైజ్ శాఖలో ఎవరికో హాస్యం బాగానే వచ్చన్నమాట. సీసా మూత మీద హోలోగ్రామ్, బార్‌కోడ్ ఉన్న లేబుల్ అంటించి, ఫ్యాక్టరీ నుంచి షాపు దాకా దాని జాడ పట్టడం దీని ఉద్దేశం.

ఇలాంటి వ్యవస్థలు ఒక్కసారిగా పుట్టవు, పొరలు పొరలుగా పేరుకుంటాయి. అడుగున లెడ్జర్ పుస్తకాల కాలం నాటి అలవాట్లుంటాయి. వాటి మీద డిపోకొక కంప్యూటర్, దాని మీద ఇంటర్నెట్ లాగిన్, దాని మీద బార్‌కోడ్. ప్రతి పొరా కింది పొర తప్పులను దిద్దకుండా, వాటికి సర్దుకుంటూ వచ్చినదే. పాతది అంటే పాత కంప్యూటర్ భాషలో రాసినదని చాలామంది అనుకుంటారు. భాషదేముంది, నేర్చుకోవచ్చు. లోపల దాగిన నిబంధనలు ఎవరికీ పూర్తిగా తెలియకపోవడమే చిక్కు. జీవో వచ్చినప్పుడు ఒక ప్రోగ్రామర్ దాన్ని నాలుగు లైన్ల కోడ్‌గా మార్చి ఉంటాడు. జీవోలో లేని సందేహానికి ఆ రోజు సీట్లో ఉన్న అధికారి నోటిమాటగా ఏదో చెప్పి ఉంటాడు. అధికారి బదిలీ అయ్యాడు, ప్రోగ్రామర్ ఇంకో కంపెనీకి పోయాడు. నాలుగు లైన్లు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి.

మార్జిన్ సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. వైన్స్ లైసెన్సు ఫీజు జనాభాను బట్టి ఏడాదికి 50 లక్షల నుంచి 1 కోటి 10 లక్షల వరకు ఉంటుంది. 2023 పాలసీ ప్రకారం షాపు కొనుగోళ్లు ఆ ఫీజుకు పది రెట్లు దాటితే, అక్కడి నుంచి యజమానికి దక్కే మార్జిన్ తగ్గుతుంది. చదవడానికి ఒక్క వాక్యం. 50 లక్షల ఫీజున్న పల్లె షాపుకు హద్దు 5 కోట్లు. ఆ షాపు 4 కోట్ల 98 లక్షల దగ్గర ఉండగా 5 లక్షల ఇండెంట్ పెట్టిందనుకుందాం. బిల్లు రెండు ముక్కలవ్వాలా? మొదటి రెండు లక్షలకు ఒక మార్జిన్, మిగతా మూడు లక్షలకు ఇంకొకటా? అలా అయితే బిల్లులో ముందు వచ్చే రెండు లక్షలు ఏ బ్రాండ్‌వి, బీరా విస్కీయా? పగిలిన సీసాల విలువను తర్వాత వెనక్కి ఇస్తే షాపు మళ్లీ హద్దు కిందికి వస్తుందా? వీటన్నిటికీ పాత సాఫ్ట్‌వేర్ రోజూ ఏదో ఒక జవాబు చెబుతూనే ఉంటుంది. ఆ జవాబు సరైనదో కాదో అడిగినవాళ్లు లేరు. కొత్త వ్యవస్థ కట్టేవాళ్లు మొదటిసారి అడుగుతారు. అప్పుడు ఫైలు సెక్షన్ నుంచి సెక్షన్‌కు తిరగడం మొదలవుతుంది. ప్రాజెక్టు ఆలస్యం అనేది చాలాసార్లు ఈ తిరుగుడే.

ధరల పట్టిక ఇంకా పెద్ద ముడి. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు బీరు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2019-20 నుంచి తమకిచ్చే ధర పెంచలేదని, బకాయిలు పేరుకున్నాయని కంపెనీ మాట. కొద్ది రోజుల్లో సరఫరా తిరిగి మొదలైంది. ఫిబ్రవరి 11 నుంచి ప్రభుత్వం బీరు ధరను 15 శాతం పెంచింది. పేపర్లో అది ఒక హెడ్డింగ్. సాఫ్ట్‌వేర్ లోపల అదొక యుద్ధం. ఆ రాత్రి పన్నెండు గంటలకు బీరు నాలుగు చోట్ల ఉంటుంది: ఫ్యాక్టరీలో, లారీలో, డిపోలో, షాపులో. పాత ఎమ్మార్పీ అచ్చయిన సీసాలు వీటిలో అన్ని చోట్లా ఉంటాయి. నిన్న పర్మిట్ తీసుకుని రేపు డిపోకు చేరే లారీకి ఏ ధర? నిన్న డబ్బు కట్టి ఈరోజు సరుకు ఎత్తే షాపుకు ఏ ధర? డిపోలో ఒకే బ్రాండ్ సరుకు పక్కపక్కన రెండు ధరల్లో ఉంటే, హమాలీ ఏ కేసు దించాలో బిల్లు చెప్పగలగాలి.

ఇలాంటి రోజున పాత వ్యవస్థలు తరచూ ఒక అడ్డదారి తొక్కుతాయి. ధర మారగానే అదే బీరుకు కొత్త బ్రాండ్ కోడ్ పుట్టిస్తాయి. ఆ రోజుకు గండం గడుస్తుంది. పదేళ్ల తర్వాత చూస్తే ఒకే బీరు ఏడు కోడ్‌లతో ఏడు సరుకులుగా కనిపిస్తుంది. గత ఐదేళ్లలో ఈ బీరు అమ్మకం ఎంత అని అడిగితే ఎవరో ఎక్సెల్‌లో కూర్చుని కూడాలి. సరుకు వేరు, దాని ధర వేరు, ఆ ధర ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది వేరు. ఈ మూడింటినీ విడదీయడమే ఆధునికీకరణలో మొదటి పని కావాలి. దీన్ని ఏ మంత్రీ రిబ్బన్ కత్తిరించి ప్రారంభించలేడు, అందుకే ఎప్పుడూ వెనక్కి పోతుంది. ముందుగా మొబైల్ యాప్ వస్తుంది.

యాప్ ముందు రావడం ఎలా ఉంటుందో కేరళ చూపించింది. 2020 మే చివర్లో లాక్‌డౌన్ తర్వాత షాపులు తెరుస్తూ, రద్దీ తగ్గించడానికి బెవ్‌క్యూ అనే టోకెన్ యాప్ తెచ్చారు. మొదటి రోజే ఓటీపీలు రాలేదు, యాప్ కుప్పకూలింది. 2021 జనవరిలో దాన్ని పక్కన పెట్టేశారు. జనం ఒక్కసారిగా ఎగబడతారని ముందే తెలిసిన సరుకు విషయంలోనే అలా జరిగింది.

కొలతల విషయం కొంచెం చిన్నది, అయినా వదిలేస్తే ముంచుతుంది. ఫుల్లయితే కేసుకు 12, హాఫ్ 24, క్వార్టర్ 48, తొంభై అయితే 96. బీరు పెద్ద సీసా కేసుకు 12. ఇండెంట్ కేసుల్లో, లేబుల్ సీసాల్లో, సుంకం లీటర్ల లెక్కలో, అమ్మకం రూపాయల్లో. ఒక క్వార్టర్ కేసులో రెండు సీసాలు పగిలితే మిగిలేవి 46. డిపో పుస్తకంలో కేసు అంటే కేసే, 46 అనే అంకెకు చోటుండదు. ఆ రెండు సీసాల లేబుల్ నంబర్లు మాత్రం వ్యవస్థలో ఇంకా బతికే ఉంటాయి. ఇక బీరుకు గడువుంటుంది, మామూలుగా ఆరు నెలలు. విస్కీలా గోడౌన్‌లో పడి ఉంటే చెల్లదు. ముందొచ్చిన సరుకు ముందు పోవాలన్న నియమం ఒక్కటే సరిపోదు, తయారీ తేదీ చూసి దించాలి. లారీ దారిలో నాలుగు రోజులు ఆగితే వెనకొచ్చిన కేసు ముందొచ్చిన కేసు కంటే పాతదై ఉండొచ్చు.

ఇప్పటిదాకా చెప్పినవి లెక్కల చిక్కులు. ఇంకొకటుంది, అది అధికారపు చిక్కు. ఏ బ్రాండ్ ఎంత కొనాలో నిర్ణయించేది ఎవరు? గిరాకీని చూసి వ్యవస్థే సప్లయ్ ఆర్డర్ వేస్తే కంపెనీకి ఏ అధికారి గది చుట్టూ తిరిగే పని ఉండదు. చేత్తో ఆర్డర్ వేసే వెసులుబాటు ఉంటే ఆ గదికి విలువ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019-24 మధ్య మద్యం కొనుగోళ్లపై నడుస్తున్న కేసులో సిట్ ఆరోపణల్లో ఒకటి ఇదే: ఆటోమేటిక్‌గా వెళ్లే ఆర్డర్ల పద్ధతిని మాన్యువల్‌కు మార్చి, కొన్ని బ్రాండ్లకు మేలు చేశారన్నది. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టు. సాఫ్ట్‌వేర్ కోణంలో మాత్రం ఒక సంగతి స్పష్టం. మాన్యువల్ అనే మీట ప్రతి వ్యవస్థకూ అవసరమే. పండగ ముందు, సరఫరా ఆగినప్పుడు, కొత్త బ్రాండ్ వచ్చినప్పుడు యంత్రం లెక్క తప్పుతుంది. కాబట్టి ఆ మీటను తీసేయమనడం అమాయకత్వం. ఎవరు నొక్కారు, ఎన్ని గంటలకు, ఏ కారణం రాసి, నొక్కకపోతే యంత్రం ఎంత ఆర్డర్ వేసేది అన్న నాలుగూ చెరపలేని విధంగా నమోదు కావాలి. ఆ నమోదు కార్పొరేషన్ చేతిలోనే కాక ఆడిట్ వాళ్లకు కూడా నేరుగా కనిపించాలి. టెండరు పత్రంలో వంద పేజీల సాంకేతిక వివరాలు రాసి ఈ నాలుగు లైన్లు మరిచిపోవడం, మరిచిపోవడమో మరింకేమో, కొత్త వ్యవస్థను పాతదానికి నకలుగా మారుస్తుంది.

టెండరు మాట వచ్చింది కాబట్టి లేబుళ్ల సంగతీ చెప్పుకోవాలి. 2025 అక్టోబరులో మద్యం సీసాల హై సెక్యూరిటీ హోలోగ్రామ్ లేబుళ్ల టెండరు ఆలస్యంపై తెలంగాణలో ఎక్సైజ్ మంత్రికీ సీనియర్ ఐఏఎస్ అధికారికీ మధ్య వివాదం రచ్చకెక్కింది. ఆ అధికారి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. ఎవరిది ఒప్పన్నది అలా ఉంచితే, చిన్న స్టిక్కరుకు ఇంత గొడవ ఎందుకన్నది ఆలోచించాల్సిన ప్రశ్న. కోట్ల సీసాల మీద ఒక్కో లేబుల్‌కు పైసలు వచ్చినా అది పెద్ద వ్యాపారం. పైగా లేబుల్ అచ్చేసేవాడు, జాడ పట్టే సాఫ్ట్‌వేర్ నడిపేవాడు ఒకడే అయితే అతన్ని మార్చడం దాదాపు అసాధ్యమవుతుంది. లేబుల్ నంబర్లు ఏ సూత్రంతో పుడుతున్నాయో, ఏ నంబరు ఏ సీసాకు వెళ్లిందో అతని డేటాబేస్‌లోనే ఉంటుంది. గడువు తీరిన కాంట్రాక్టు పొడిగింపుల మీద పొడిగింపులతో నడవడానికి ప్రతిసారీ అవినీతే కారణం కానక్కర్లేదు. ఆపితే మర్నాడు సరఫరా ఆగుతుందన్న భయం చాలు. విరుగుడు కూడా ఒప్పందంలోనే ఉండాలి: లేబుల్ అచ్చు ఒకరిది, సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది, డేటా మాత్రం కార్పొరేషన్ సొంత సర్వర్లలో. సోర్స్ కోడ్ అప్పగింత ఒప్పందం చివరి రోజున అని రాస్తే ఆ రోజు ఎప్పటికీ రాదు. ఆరు నెలలకోసారి అప్పగించాలి, అప్పగించిన కోడ్‌తో వ్యవస్థను వేరే చోట నిలబెట్టి చూపించాలి.

డేటా బదిలీ తప్పితే ఏమవుతుందో తెలంగాణకు కొత్తగా చెప్పాలా? 2020 అక్టోబరు 29న భూముల రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. పాత రికార్డుల్లోని తప్పులు కొత్త పోర్టల్‌లోకి తప్పులుగానే వచ్చాయి. దిద్దే దారి తహసీల్దారు దగ్గర లేకపోవడంతో రైతులు కలెక్టరేట్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగారు. 2024 చివర్లో దాని నిర్వహణ ప్రైవేటు ఏజెన్సీ నుంచి కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీకి మారింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. భూమికీ మద్యానికీ పోలికేమిటని అనొచ్చు. రెండింటిలోనూ తప్పు ఎక్కడ పుట్టిందో దాన్ని అక్కడే దిద్దే అధికారం కింది స్థాయిలో ఉందా లేదా అన్నదే ప్రశ్న. డిపో మేనేజర్ ఒక కేసు లెక్క సవరించాలంటే హైదరాబాద్ ఆఫీసుకు మెయిల్ పెట్టి మూడు రోజులు ఆగాల్సి వస్తే, అతను సవరించడు. పక్కన నోటుబుక్ పెట్టుకుంటాడు. ఆరు నెలల్లో అసలు లెక్క నోటుబుక్‌లోనూ, అబద్ధపు లెక్క కంప్యూటర్‌లోనూ ఉంటాయి.

షాపు తర్వాతి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బార్‌కోడ్ స్కాన్ చేసి బిల్లు ఇచ్చే వైన్స్ ఎన్ని అని ఏ కస్టమర్‌ను అడిగినా నవ్వుతాడు. ఊళ్లోని బెల్టు షాపుకు సీసా ఎలా చేరిందో ఏ వ్యవస్థకూ తెలియదు, తెలుసుకోవాలని షాపుకూ లేదు. జాడ పట్టడం ఆచరణలో షాపు గుమ్మం దగ్గర ఆగిపోతుంది. దాన్ని దాటించాలంటే కౌంటర్‌లో కుర్రాడికి స్కాన్ చేయడం డబ్బు తీసుకోవడం కంటే తేలికవ్వాలి. రాత్రి తొమ్మిదింటికి చేతులు చాపి నిలబడ్డ ముప్పై మంది ముందు ఏ యంత్రమూ ఆ పరీక్ష నెగ్గలేదు.

ఇక ఎప్పుడు మార్చాలి? ఆఫీసులో కూర్చుని చూస్తే డిసెంబరు 1 ఆకర్షణీయంగా కనిపిస్తుంది. రెండేళ్ల లైసెన్సులు నవంబరు 30తో ముగిసి, లాటరీలో గెలిచిన కొత్తవాళ్లు మర్నాడే తలుపులు తీస్తారు. కొత్త లైసెన్సు, కొత్త లాగిన్, కొత్త సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకేసారి అయిపోతాయి కదా అనిపిస్తుంది. నిజానికి అంతకంటే చెడ్డ ముహూర్తం లేదు. షాపుకు గెజిట్‌లో ఇచ్చిన సీరియల్ నంబరు అదే ఉండి షాపు యజమాని మారతాడు. పాతవాడి మిగులు సరుకు, డిపాజిట్ తేల్చాలి. కొత్తవాడు ఖాళీ అరలు నింపడానికి ఒక్కసారిగా ఇండెంట్లు పెడతాడు. వాళ్లలో చాలామందికి ఈ వ్యాపారమే కొత్త. ఆ తడబాటు సర్దుకునేలోపు డిసెంబరు 31 వచ్చి కూర్చుంటుంది. ఎండాకాలం బీరుది, దసరా మాట చెప్పుకున్నాం. బోనాలకు జంటనగరాల్లో షాపులు మూసే రోజులు, వాటి ముందు రోజు రద్దీ ఉండనే ఉన్నాయి. పంచాంగం తిరగేస్తే మిగిలేది శ్రావణం. వానలకు బీరు తగ్గి, ఇళ్లలో వ్రతాలు, పూజలు నడిచే నెల. ఏ కన్సల్టెంట్ నివేదికలోనూ శ్రావణమాసం అనే మాట ఉండదేమో, డిపో హమాలీని అడిగితే మాత్రం మొదట అదే చెబుతాడు.

అప్పుడు కూడా అన్ని డిపోలూ ఒకేసారి కాదు. రద్దీ తక్కువున్న ఒక జిల్లా డిపోలో నెల రోజులు పాతా కొత్తా పక్కపక్కన నడిపి, రోజూ సాయంత్రం రెండు లెక్కలూ పైసాతో సహా పోల్చాలి. తేడా వచ్చిన ప్రతిచోటా కొత్తదే తప్పని అనుకోనక్కర్లేదు. ఇన్నేళ్లుగా పాతదే తప్పు కొడుతుండవచ్చు. అలాంటప్పుడు ఎక్కువ తీసుకున్న డబ్బు షాపులకు వెనక్కి ఇవ్వాలా, తక్కువ తీసుకున్నది వసూలు చేయాలా అన్నది ముందే జీవోలో రాసుకోకపోతే, తేడా కనిపించినా బయటపెట్టే ధైర్యం ఏ గుమాస్తాకూ ఉండదు.

మారే ముందు రోజు రాత్రి మరో పని ఉంది. డిపో తలుపులు మూసి, ప్రతి వరుసలో కేసులు చేత్తో లెక్కపెట్టాలి. పుస్తకంలో ఉన్నదీ నేల మీద ఉన్నదీ కలవవు, ఎక్కడా కలవవు. పగిలినవి, గడువు దాటినవి, పొరపాటున పక్క బ్రాండ్ వరుసలో పేర్చినవి, ఎప్పుడో తనిఖీ శాంపిల్‌కని తీసి రాయడం మరిచినవి బయటపడతాయి. ఆ తేడా మీద మేనేజర్, ఎక్సైజ్ అధికారి, కంపెనీ ప్రతినిధి ముగ్గురూ సంతకం పెట్టాక, కొత్త వ్యవస్థలో మొదటి అంకె నేల మీది లెక్క కావాలి.